పడమటి గోడలో అతుకు

నా భార్య విశ్రాంతమ్మను చంపింది నా తమ్ముడు జాషువా. ఇందులో వాదన లేదు. వాడు చేత్తో ఏమీ చేయలేదు గదా అని సంఘపెద్దలు నాకు సర్దిచెప్పబోయారు. చేత్తోనే చేశాడు. రెండు వేళ్ళతో తీగల కొసలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, గోడలో పూడ్చాడు.

అది రెండువేల తొమ్మిది. మాఘంలో మొదలైంది, మృగశిర కార్తె రాకముందే అయిపోయింది. మా ఇల్లు కూడా దాంతోనే అయిపోయింది.

ముందు మా ఇంటి పద్ధతి చెప్పాలి. మా నాయన వేంసూరు పక్క పల్లెలో ఉపదేశి. పాదిరిగారు నెలకోసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో ప్రార్థనలు, సమాధులు, తగువులు అన్నీ నాయనే చూసేవాడు. ఊరి తగువులు తీర్చి తీర్చి ఆయనకు ఒట్లంటే అసహ్యం పుట్టింది. మా ఇంట్లో ఎవరూ ఒట్టు వేయరు, వేయించరు. ఒకసారి అడుగుతారు. ఒకసారి చెబుతారు. అదే మాట రెండోసారి అడిగితే నువ్వు అబద్ధాలకోరువని ముఖం మీద అన్నట్టే. నాయన నన్ను ఏదీ రెండోసారి అడగలేదు. ఆయన పోయాక ఆ పద్ధతి నేను నిలిపాను.

నేను పల్లె బడి వరకే చదివాను. సత్తుపల్లిలో ఫ్రిజ్‌ల పని నేర్చుకున్నాను. తర్వాత ఏసీలు. జాషువా నాకంటే చాలా చిన్న. విశ్రాంతమ్మ కాపురానికి వచ్చేనాటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. అమ్మ లేని ఇల్లు. ఆమే వాడికి నీళ్ళు పోసింది, బడికి పంపింది, జ్వరం వస్తే పక్కలో వేసుకుంది. పని మాత్రం నేను నేర్పాను.

నా పనిలో అతుకు ఉండదు. తీగ చాలకపోతే ఖమ్మం పోయి పొడుగు తీగ తేవాలి, అంతే. ఒకసారి సత్తుపల్లిలో బట్టల దుకాణంలో వీడు తీగ అతికాడు. గిరాకీల ముందే చెంప మీద కొట్టాను. వాడు పల్లెకు పోయి ఒక పంటకాలమంతా రాలేదు. విశ్రాంతమ్మే పోయి బతిమాలి తెచ్చింది. తెచ్చిన రోజు వాడికి మాత్రం గుడ్డు వేసి పెట్టింది, నాకు పెట్టలేదు.

ఆ మాఘంలో అశ్వారావుపేట దాటి అడవిలోకి పోయే దారి మీద ఉన్న సిస్టర్ల దవాఖానాలో ఏసీ పని వచ్చింది. చిన్న దవాఖానా. ఒకటే ఆపరేషన్ గది. ఖమ్మం నుంచి డాక్టరమ్మ గురువారం గురువారం వచ్చి కోతలన్నీ ఆ ఒక్కరోజే చేసేది. పాత కిటికీ ఏసీ పాడైపోతే తీసేసి, ఆ కంతను ఇటుకలతో మూసి, కొత్త స్ప్లిట్ కొన్నారు.

స్ప్లిట్ అంటే రెండు ముక్కలు. ఒకటి గదిలో గోడకు, ఒకటి బయట ఎండలో. మధ్య రాగి గొట్టాలు, కరెంటు తీగలు. ఆ కొత్తరకం వాటిలో ఇంకొక తీగ కూడా ఉండేది. దాని మీద రెండు ముక్కలూ ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. గది వేడెక్కింది, నడువు. చల్లబడింది, ఆగు. విన్నాను, నడుస్తున్నా. ఆ కబురు తెగిందంటే రెండూ ఆగిపోతాయి, లోపలిదాని మీద పచ్చలైటు కొట్టుకుంటుంది. అప్పుడు ఆ రెండింటిలో ఏదీ చెడిపోయి ఉండకపోవచ్చు. ఈ రోగాన్ని పట్టుకోవడం అందుకే కష్టం.

బయటి ముక్క డాబా మీద పెట్టాలనుకున్నాం. అక్కడ కోతులు మందలు మందలు. పెద్ద సిస్టరు ఆఖరి పూట, డాబా వద్దు, పడమటి గోడకు సన్‌షేడ్ కింద పెట్టమన్నది. ఆ పూట నేను అక్కడ లేను. విశ్రాంతమ్మకు గర్భసంచిలో గడ్డలు. నెలలో సగం రోజులు రక్తం పోతుండేది. స్కానింగ్‌కు ఖమ్మం తీసుకుపోయాను. మేము ఇంటికి వచ్చేసరికి జాషువా పని ముగించి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"అయిందా?"

"అయిందన్నా. మేస్త్రీ గోడ గూడ మూసిండు."

"అతుకేమన్న పెట్టినవా?"

"లేదన్నా."

నేను అడిగాను. వాడు చెప్పాడు. అక్కడితో అది ముగిసిపోయింది.

కొన్నాళ్ళకు విశ్రాంతమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తూ ఒక మాట అడిగింది.

"ఏమయ్యా, తీగకు అతుకేస్తే ఏమయితది?"

"నీకెందుకు?"

"ఊరికెనే. చీర చినిగితే కుట్టుకుంటం. మంచం పట్టె విరిగితే చెక్క కొడతం. తీగకే ఎందుకంత పట్టింపని."

"చీర వేరు, తీగ వేరు. అతుకేసినోడు నా ఇంట్ల ఉండడు."

ఆమె ఒక గింజ తీసి పళ్ళెంలో వేసింది. "మంచిది," అంది. పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

ఎలక్షన్లు అయిన వారం ఆమె ఆపరేషన్ పెట్టారు. ఖమ్మంలో నర్సింగ్ చదువుతున్న మా బిడ్డ అక్సా సెలవులకు వచ్చి ఉంది. పొద్దున్నే బస్సులో దవాఖానాకు పోయాం. తల్లీబిడ్డలు వార్డులో కూర్చున్నారు. విశ్రాంతమ్మకు పచ్చ గౌను తొడిగారు. ఆమెకంటే ముందు ఇద్దరికి కోతలున్నాయి. మొదటిది అయింది. రెండోది సగంలో ఉండగా పచ్చలైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ గదికి కిటికీలు తెరవకూడదు, ఫ్యాను వేయకూడదు. పెద్ద లైటు కింద డాక్టరమ్మ ఎలాగో కుట్లు వేసి బయటకు వచ్చింది. ముసుగు తీసేసరికి ముఖమంతా నీళ్ళు.

"సవరయ్యా, నా చెమట పేషంటు కడుపులో పడుతుంది. ఇవాళ ఇంకెవర్నీ ముట్టుకోను," అంది.

నేను వార్డులోకి పోయి విశ్రాంతమ్మతో కరెంటు సరిగ్గా లేదని చెప్పాను.

"ఎలక్షన్లు అయిపోయినయి గద. ఇగ మనతోని పనేముంది, తీసేస్తరు," అని ఆమె నవ్వింది. గౌను విప్పి చీర కట్టుకుంది.

మిషను సంగతి ఆమె దగ్గర ఎత్తొద్దని అక్సాకు చెప్పాను. ఆయా జంపక్కకూ చెప్పాను. నేను పెట్టిన మిషను ఆమె ఆపరేషన్‌కు అడ్డమని ఆమెకు తెలియాల్సిన పనేముంది. రోగి గాబరా పడుతుంది.

మర్నాటి నుంచి వెతకడం మొదలుపెట్టాం. అన్నదమ్ములం ఎప్పుడూ ఒకటే తీరుగా చేసేవాళ్ళం. నేను లోపల, వాడు బయట నిచ్చెన మీద. మధ్యన గోడ. ఇద్దరి చేతుల్లో రెండు మీటర్లు. కబురు నడుస్తుంటే మీటరు ముల్లు ఊగుతూ ఉంటుంది. తెగితే ముల్లు నిలబడిపోతుంది.

"ఊగుతుందారా?"

"ఊగె."

"ఇప్పుడు?"

"ఊగుతనే ఉంది."

"ఇప్పుడు?"

"నిలబడె."

జంపక్క బట్టల మూట పట్టుకుని ఆగింది. "మీ అన్నదమ్ముల అరుపులకు కుట్లేసినోళ్ళు లేచి కూసుంటున్నరు. నీ మిషను మా ముసలోని లెక్క ఉన్నది సవరయ్యా. పొద్దుగాల చెంగుచెంగున నడుస్తది. అన్నం తిన్నంక ఎవ్వరు పిలిచినా పలుకది."

ఆమె చెప్పింది నిజం. పొద్దున ఏ లోపమూ ఉండేది కాదు. ఎండ పడమటికి తిరిగితే చచ్చేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తీగను కొస నుంచి కొసకు కొలిచాను. మంచిగానే పలికింది. స్టెబిలైజర్ మార్చాను. బయటి ముక్క విప్పితే బోర్డు మీద ఎర్రచీమలు గూడు పెట్టి ఉన్నాయి. ఊది, బ్రష్షు కొట్టి, ఇదే రోగమనుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ పచ్చలైటు. కొత్త బోర్డు తెప్పించాను. బోర్డు వచ్చేలోపల రెండు గురువారాలు పోయాయి. చల్లటి పూట చిన్న చిన్న కేసులు చేసి డాక్టరమ్మ వెళ్ళిపోయేది. విశ్రాంతమ్మది పెద్ద కోత. మధ్యలో ఆపేది కాదు.

కంపెనీ ఇంజనీరుకు ఫోను చేశాను.

"ముందు తీగ సంగతి చూడండి," అన్నాడు. "గోడలో ఉన్నది వదిలేసి, కిటికీ లోంచి కొత్త తీగ ఒకటి వేలాడేసి నడిపి చూడండి. అరగంట పని. తేలిపోతుంది."

"తీగ మంచిగనే ఉంది."

"మీరు వేశారా?"

"నా తమ్ముడేసిండు."

"చూశారా మరి?"

"అడిగిన. చెప్పిండు," అన్నాను.

సరే, లోపలి బోర్డు కూడా పంపిస్తానన్నాడు.

కొత్త తీగ వేలాడేసి చూడడం అంటే జాషువాను రెండోసారి అడగడమే. ఇది పట్నంలో ఫోను పట్టుకుని కూర్చున్న మనిషికి చెబితే అర్థం కాదు.

ఆ రోజే వాడు నిచ్చెన దిగి వచ్చి తువ్వాలతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"అన్నా, ఒకపాలి కొత్త తీగేసి చూద్దమా?"

"ఎందుకు? ఉన్నదానికేమైంది?"

"ఏంగాలె. ఊరికెనే. చూస్తే పాయె గద."

"అడగాల్సింది నేను ఆనాడే అడిగిన. చెప్పాల్సింది నువ్వు చెప్పినవ్."

వాడు నా ముఖం వంక చూశాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని నిచ్చెన దగ్గరికి పోయాడు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. నేను వాడి గొంతు పట్టుకోలేదు.

కొత్త బోర్డు వేసిన గురువారం మళ్ళీ విశ్రాంతమ్మకు పచ్చ గౌను తొడిగారు. ఈసారి ఆమెదే మొదటి కేసు. నేను గదిలో లోపలి ముక్క కింద నిలబడి చూస్తున్నాను. గది చల్లగా ఉంది. సామాను పరిచారు. అంతలో అడవి లోపలి గూడెం నుంచి మంచానికి కర్ర కట్టిన జెట్టీ మీద ఒక నిండు చూలాలిని మోసుకొచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ ఆమెను ముందు తీసుకుంది. బిడ్డ బయటపడి ఏడ్చింది. గది కడిగి విశ్రాంతమ్మను పిలిచేసరికి ఎండ పడమటి గోడ మీదికి వచ్చింది. పచ్చలైటు కొట్టుకుంది.

డాక్టరమ్మ నన్ను వసారాలోకి పిలిచింది.

"ఇంక ఆగడం మంచిది కాదు. రక్తం బాగా తగ్గింది. ఖమ్మం తీసుకొచ్చేయ్. అక్కడ చేస్తాను."

"వచ్చే గురువారానికి మిషను నడుస్తదమ్మా."

"మిషను సంగతి కాదు నేను మాట్లాడేది."

"నడుస్తది," అన్నాను.

బస్టాండులో అక్సా తల్లిని అరుగు మీద కూర్చోబెట్టి నన్ను పక్కకు లాగింది.

"నాయనా, అమ్మ గోళ్ళు చూసినవా? సున్నం లెక్క ఉన్నయి. రేపే ఖమ్మం పోదాం."

"గురువారం ఇక్కడ్నే."

"గురువారం గూడ మిషను ఆగితే?"

"ఆగదు. ఒకసారి చెప్పిన."

ఆమె తల్లి పక్కన పోయి కూర్చుంది. విశ్రాంతమ్మ అడిగింది, ఏందే అని. ఏం లేదమ్మా, బస్సు లేటట, అంది అక్సా. నా బిడ్డ కూడా ఆ కాలంలో అబద్ధం నేర్చింది.

రోహిణి కార్తె వచ్చింది. సోమవారం పొద్దున విశ్రాంతమ్మ వాకిలి ఊడుస్తూ కళ్ళు తిరిగి పడింది. నేను అప్పటికే మిషను దగ్గరికి పోయి ఉన్నాను. అక్సా ఆమెను ఆటోలో దవాఖానాకు తెచ్చింది. సిస్టర్లు సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. వార్డుకూ ఆపరేషన్ గదికీ మధ్య ఒక వసారా అంతే. పెద్ద సిస్టరు డాక్టరమ్మతో ఫోనులో మాట్లాడి, రక్తం సిద్ధం చేస్తున్నారని చెప్పింది.

నేను లోపలి బోర్డు మారుస్తున్నాను. గోడ అవతల ఉలి దెబ్బ వినిపించింది. గోడ చెక్కమని నేను ఎవరికీ చెప్పలేదు. బయటకు పోయి చూశాను.

జాషువా నిచ్చెన మీద ఉన్నాడు. గోడలో వెతుక్కునేవాడు ముందు తట్టి చూస్తాడు. అక్కడింత చెక్కుతాడు, ఇక్కడింత చెక్కుతాడు. వీడు తట్టలేదు. సన్‌షేడ్‌కు జానెడు కింద, ఒకటే చోట ఉలి పెట్టి కొడుతున్నాడు. సిమెంటు పెళ్ళ ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. లోపల నల్ల టేపు కనిపించింది. ఎండకు కరిగి జిగురుగా ఉంది. వాడు దాన్ని గోరుతో లాగాడు. రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. చల్లటి పూట అంటుకుని, గోడ కాగినప్పుడు విడిపోయే అతుకు.

"అన్నా," అన్నాడు.

నేను నిచ్చెన కాలు పట్టుకున్నాను.

"కోతులని జాగ మార్చమన్నరు. అటుదిక్కు దూరమాయె, తీగ చాలలె. మేస్త్రీ పోతనంటడు. ఖమ్మం పోయొచ్చే టైము లేకుండె. చెప్పాలనే ఉండె అన్నా."

"దిగు."

"పొడుగు తీగ తెచ్చిన. నిన్న పోయి తెచ్చిన. ఏసి పోత."

"దిగు. ఇంటికి రాకు."

వాడు దిగాడు. ఉలి, సుత్తి నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. తీగ చుట్ట నేల మీద పెట్టాడు. చెప్పులేసుకుని గేటు వైపు పోయాడు. వార్డు కిటికీ ముందు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచాడు.

ఆ తీగే వేశాను. వేరే తీగ లేదు. మీటరు పెడితే ముల్లు ఊగింది. మిట్టమధ్యాహ్నం ఊగింది. ఎండ పడమటి గోడను కాల్చేస్తున్నప్పుడు కూడా ఊగింది. గది చలికి నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

జంపక్క తలుపు తోసి చూసింది. "ముసలోడు లేచిండే. నీ తమ్ముడేడి సవరయ్యా?"

"పోయిండు."

"నీళ్ళిస్తనంటే గూడ తాగకుంట పోయిండు. ఏమన్నవ్ ఆ పిల్లగాణ్ణి?"

నేను జవాబు చెప్పేలోపే వార్డులోంచి అక్సా పరిగెత్తుకొచ్చింది. తల్లికి రక్తం ఆగడం లేదు. గుడ్డ మీద గుడ్డ మారుస్తున్నారు. పెద్ద సిస్టరు ఫోను పట్టుకుని ఉంది. ఆపరేషన్ గది మంచులా చల్లగా ఉంది. డాక్టరమ్మ ఖమ్మంలో ఉంది.

దవాఖానా జీపులో వేశాం. డ్రైవరు హరిలాల్ సీట్లు మడిచి వెనక పరుపు పరిచాడు. సెలైన్ సీసా పైన కొక్కేనికి తగిలించారు. అక్సా ముందు కూర్చుని డాక్టరమ్మతో ఫోనులో మాట్లాడుతోంది. వెనక నేను, ఆమె. జీపు మోతకు ముందున్నవాళ్ళకు వెనక మాట వినపడదు.

సత్తుపల్లి దాటాక ఆమె కళ్ళు తెరిచింది.

"గోడ పగలగొట్టిన్రా?"

"అవ్."

"చప్పుడు విన్న. అతుకు దొరికిందా?"

ఆ మాట నేను ఆ దవాఖానాలో ఎవరితోనూ అనలేదు.

"నీకెవరు చెప్పిన్రు?"

"వాడే. మాఘంల. నీకు లేదని చెప్పిన రోజే నా దగ్గరికొచ్చి ఏడ్సిండు. పోయి చెప్తనన్నడు. నేనే వద్దన్న. మళ్ళ కొడతవ్, మళ్ళ పోతడని. ఎండలు పోయినంక మెల్లగ నేనే చెప్దమనుకున్న."

జీపు గుంటలో పడి లేచింది. నేను సీసా పట్టుకున్నాను.

"కరెంటు లేదంటివి గద," అంది. "మిషనని నాకెవరు చెప్పలె. తెలిస్తే చెప్పేదాన్ని."

రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలు. కాయ కోసేశారు. పెనుబల్లి వచ్చింది, పోయింది.

"వాణ్ణి పొమ్మన్నవా?"

"అవ్."

"రమ్మను."

నేను సీసా వైపు చూశాను. ఆమె నా ముఖం చూస్తూ ఉంది. ఇన్నేళ్ళలో ఆమె కూడా మా ఇంటి మనిషే అయింది. రెండోసారి అనలేదు.

వైరా చెరువు నీళ్ళు కనిపించే చోట అక్సా వెనక్కు తిరిగి తల్లిని చూసింది. ఫోను చెవి దగ్గరి నుంచి తీసేసింది. జీపు ఆపమని హరిలాల్‌కు చెప్పింది.

మా పల్లెలోనే పూడ్చాం. మా నాయన పక్కన. పెట్టె దించాక ఒక్కొక్కరు పిడికెడు మన్ను వేసి పక్కకు జరగడం మా పద్ధతి. ముందు నేను వేశాను, తర్వాత అక్సా. మూడోవాడు జాషువా. వాడు వంగి మన్ను తీసుకున్నాడు.

"వాడు ఎయ్యొద్దు," అన్నాను.

పాదిరిగారు పుస్తకం మూశారు. సంఘపెద్ద జస్టిన్ నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను తీసేశాను. ఎందుకో చెప్పమన్నాడు. చెప్పాను. అందరూ విన్నారు. జస్టిన్ వాడి వైపు తిరిగాడు.

"నిజమేనారా? తెలిసే అతుకేసినవా?"

"అవ్."

"అప్పుడు ఎవరికన్న చెప్పినవా?"

జాషువా గుంతలోకి చూశాడు. పిడికిట్లో మన్ను అట్లాగే ఉంది.

"లేదు. ఎవ్వరికి చెప్పలె."

"చెప్తే మా అక్క బతుకును గదరా," అంది వెనక నుంచి ఎవరో ఆడమనిషి. ఆ మాటతో మిగతా ఆడవాళ్ళు ఏడ్పు ఎత్తుకున్నారు.

వాడు చెప్పింది అబద్ధమని అక్కడ ఇద్దరికే తెలుసు. నాకు తెలుసని వాడికి తెలియదు. నేను ఆ అబద్ధాన్ని అట్లాగే ఉండనిచ్చాను. వాడు పిడికిలి విప్పి మన్ను పక్కన పోసి, చేతులు దులుపుకోకుండానే పోయాడు.

ఆమె వద్దన్నదని వాడి తప్పు తగ్గదు. ఆమె నోరు మూసింది. గోడ మూసింది వాడు.

తొలకరి పడ్డాక అక్సా కాలేజీకి బయలుదేరింది. సంచి సర్దుకుంటోంది. నేను గడపలో కూర్చున్నాను, విశ్రాంతమ్మ చింతపండు తీసిన చోట.

"చిన్నాయన అమ్మకు అన్ని చెప్పేటోడు," అంది. "పెళ్ళిచూపులల్ల పిల్ల నచ్చకపోతే గూడ నీకు కాదు, అమ్మకే చెప్పిండు."

ఆమె చేతిలో బట్ట మడతపెట్టకుండా నిలబడింది.

"అతుకు సంగతి అమ్మకు తెలుసా, నాయనా?"

"తెల్వదు."

ఆమె నన్ను చూసింది. తల్లి జీపులో చూసినట్టే చూసింది. తర్వాత బట్ట మడిచి సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"బస్సు కాడికి వస్తవా?"

"వస్త," అన్నాను. పోయాను. బస్సు ఎక్కించాను.

ఆ మిషను ఇంకా నడుస్తూనే ఉందని జంపక్క ఒకసారి కబురు పంపింది. నేను మళ్ళీ ఆ దారిన పోలేదు. జాషువా కల్లూరు వైపు ఎక్కడో కాలిన మోటర్లకు తీగ చుట్టుకుని బతుకుతున్నాడట. ఈస్టరుకు పల్లె గుడికి వస్తాడు. పూజలో పక్కవాళ్ళకు శాంతి చెప్పుకునే వేళ అందరూ ఒకరి వైపు ఒకరు తిరుగుతారు. వాడు నా వైపు తిరిగి నిలబడతాడు. నేను తిరగను. పాదిరిగారు చూస్తారు, జనం చూస్తారు. చూడనీ.

అక్సా ఒకసారి అడిగింది. నేను ఒకసారి చెప్పాను. ఇక ఈ సంగతి మీద నా నోట మాట రాదు.